గోడ బేరం

ప్యాంటు అంచును లోపలికి మడిచి, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదుల్లోంచి ఒకటి తీసి గుచ్చి, సూదమ్మ తల పక్కకు తిప్పింది. ఏడాదిగా ఆమె దేన్నయినా చూడాలంటే దానికి ఎదురుగా కాకుండా వారగా తిరగాలి. రెండు కళ్ళకూ నట్టనడుమ బూడిదరంగు మచ్చ దిగింది. చుట్టూ ఉన్నది కనిపిస్తుంది. చూడాలనుకున్నది మాత్రం కనిపించదు. అందుకని కోడి గింజను చూసినట్టు మెడ వంచి కంటికొసతో చూస్తుంది. మడత సరిగానే ఉంది. అయినా బొటనవేలితో మరోసారి తడిమింది. కన్ను తెచ్చిపెట్టిన నష్టాన్ని వేలితో కొంత రాబట్టుకోవడం ఆమె నేర్చుకుంది.

"మరీ పొట్టి చెయ్యకమ్మా," అన్నాడు అద్దం ముందు నిలబడ్డ బస్సు డ్రైవరు. "కూర్చుంటే మేజోళ్ళు కనిపిస్తాయి."

"బస్సు నడుపుతావా, జనానికి మేజోళ్ళు చూపిస్తావా? లోపల రెండు వేళ్ళ గుడ్డ ఉంచాను. పొట్టయిందనిపిస్తే విప్పించుకో. నేను కత్తిరించలేదు, మడిచానంతే."

"నువ్వే విప్పుదువుగాని."

"నేను మధ్యాహ్నం దాకే ఉంటాను. పొట్టో పొడుగో ఈలోపే తేల్చుకో."

అతను అద్దంలో ఆమె వంక చూశాడు. విన్నాడుగాని నమ్మినట్టు లేదు. ఆ వీధిలో చాలామంది సూదమ్మ లేని మెట్లకింది గదిని ఊహించుకోలేదు. ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. వచ్చిన కొత్తలో పక్క గదిలోని వాచీల ఆయన, ఆమె భాషే మాట్లాడే మనిషి, పెదాల మధ్య ఎప్పుడూ సూదులే అని ఆటపట్టించి సూదమ్మ అని పిలిచాడు. మిగతావాళ్ళు నోరు తిరిగినంతవరకు దాన్నే పట్టుకున్నారు.

గది మెట్లకింద కాబట్టి పైకప్పు ఏటవాలుగా దిగుతుంది. వెనక్కి వెళ్ళేకొద్దీ మనిషి కుంచించుకుపోవాలి. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, బట్టలు మార్చుకోవడానికి ఒక తెర. మిషనుకు ఎదురుగా ఉన్న గోడ మాత్రం నేల నుంచి కప్పుదాకా బొమ్మలతో నిండిపోయి ఉంది. ఒక్కదానికీ ఫ్రేము లేదు. ప్రతి బొమ్మకూ పైన గుడ్డ పట్టీ కుట్టి, దానిలో సన్నటి కర్ర దూర్చి, కిటికీ తెరలా వేలాడదీసింది. కర్ర లాగేస్తే బొమ్మ చుట్టుకుంటుంది. చుట్టినవన్నీ కలిపి ఒక్క రేకు పెట్టెలో పడతాయి.

ఆమె బతికింది మూడు దేశాల్లో. మొదటి ఊరికి భర్త వెంట వచ్చింది. రెండో ఊళ్ళో యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు అతికించింది. మూడోది ఇది, ఇక్కడ సొంత మిషను. ఊరు మారిన ప్రతిసారీ మంచం, గిన్నెలు, కుర్చీలు ఎవరికో ఒకరికి అప్పజెప్పేసింది. పెట్టె మాత్రం చేత్తో మోసుకొచ్చింది. పెట్టె పెరగదు గనక బొమ్మలూ పెరగడానికి వీల్లేదు. కొత్తది ఒకటి లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి. అదే ఆమె పెట్టుకున్న కట్టుబాటు. కొత్త బొమ్మను మిషనుకు ఎదురుగా తగిలించి నెలరోజులు పని చేసుకునేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు, తల దానంతటదే పైకి లేచి ఆ బొమ్మవైపు తిరిగితే అది ఉంటుంది. పాతవాటిలో దేనివైపు తల తిరగడం మానేసిందో అది పోతుంది. అలా పోయినవి ఆ వీధి వంటగదుల్లో, మందుల షాపులో, బస్సు డిపోలో వేలాడుతున్నాయి. నిలిచినవి పంతొమ్మిది.

వాటిలో చాలావరకు కుట్టుకు బదులుగా వచ్చినవే. కోటుకు లోపలి గుడ్డ మార్చినందుకు ఒకటి, పెళ్ళి గౌను వదులు చేసినందుకు ఒకటి, ఓడ వంటవాడి ఆరు ఏప్రన్లకు ఒకటి. ఇచ్చినవాళ్ళలో పేరున్నవాళ్ళు ఎవరో, లేనివాళ్ళు ఎవరో ఆమెకు పట్టలేదు. తను పెట్టింది శ్రమ. దానికి సరిపడా వచ్చిందా లేదా అన్నది తల లేస్తేనే తెలుస్తుంది.

బస్సు డ్రైవరు వెళ్ళాడో లేదో, బొమ్మల షాపాయన వచ్చాడు. ముందు వారం కూడా వచ్చాడు. మంచి కోటు, మెత్తటి మాట. గుమ్మంలోనే తల వంచాడుగాని చాలలేదు. నుదురు మెట్టుకు తగిలింది.

"ఆ రెండూ," అన్నాడు నుదురు రుద్దుకుంటూ. "వర్షంలో గొడుగులదీ, ఆ కుర్చీదీ. పోయినసారి చెప్పినదానికి కొంత కలుపుతాను."

"మిగతావాటికి?"

"మిగతావి... మీ జ్ఞాపకాలు. వాటిని మీరే ఉంచుకోవాలి. నేను తీసుకుంటే బాగుండదు."

సూదమ్మ నవ్వింది. గుండుసూదులు పెదాల మధ్యే ఉన్నాయి. ఇలా మాట్లాడే బేరగాళ్ళను ఆమె యాభై ఏళ్ళుగా చూస్తోంది. కోటు బాగుంది, గుండీలే తీసుకుంటానంటారు.

"రెండూ తీస్తే నా కోటుకు గుండీలుండవు. అన్నీ ఒకచోట ఉంచుతానంటే ఊరికే ఇస్తాను. విడదీస్తానంటే ఎంతిచ్చినా ఇవ్వను."

"అంత గోడ నాకెక్కడిదమ్మా? మీరు సాయంత్రం వెళ్ళిపోతున్నారని విన్నాను. వెంట తీసుకెళ్ళలేరు కదా?" అతను కార్డు తీసి మిషను మీద పెట్టాడు. "నాలుగింటిలోపు ఫోను చేయండి. చేయకపోతే నేను కూడా ఏం చేయలేను."

ఆ మాట నిజమే. నాలుగింటికి టాక్సీ. అక్క కూతురికి ఇంకో దేశంలో ఉద్యోగం వచ్చింది. పిన్నిని ఈ కళ్ళతో ఒంటరిగా వదిలి వెళ్ళనని పట్టుబట్టింది. అక్కడ దొరికిన ఫ్లాటుకు మూడు వైపులా అద్దాలే, నాలుగోవైపు తలుపు. మేకు కొట్టే చోటే లేదు. చోటున్నా ఏం లాభం? ఇంకో ఏడాదికి మచ్చ కంటికొసలదాకా పాకుతుందని డాక్టరు ముందే చెప్పేశాడు. చూడలేని మనిషి పెట్టెలో చుట్టుకుని ఉండే బొమ్మలు, తాళం పోయిన బీరువాలో బట్టల్లాంటివి. సూదమ్మ ఆ లెక్క ఎప్పుడో వేసుకుంది. బొమ్మలకు చూసేవాళ్ళు కావాలి. చూసేవాళ్ళు ఉన్న గోడ కావాలి. అలాంటి గోడ ఒకటి ఆమె చూసి పెట్టుకుంది.

*

అక్క కూతురు చిన్న వ్యానుతో వచ్చేసరికి సూదమ్మ బొమ్మలన్నీ దించి, కర్రలు తీయకుండానే దుప్పట్లలో పేర్చి పెట్టింది. ఖాళీ గోడ మీద, బొమ్మలు ఉన్నచోటల్లా సున్నం తెల్లగా మిగిలింది.

"పిన్నీ, ఆ కార్డు ఎవరిది?"

"నుదురు బొప్పి కట్టించుకున్న ఆయనది."

"ఫోను చేశావా?"

"లేదు."

"ఇంకోసారి ఆలోచించు. ఆసుపత్రివాళ్ళు అన్నీ పెట్టుకుంటామని కాగితం మీద రాసిచ్చారా? లేదు. ఆ నర్సమ్మ నోటిమాట. తీరా వెళ్ళాక వద్దంటే? వీటిని రోడ్డు మీద పెట్టి విమానం ఎక్కుతావా?"

"వద్దంటే అప్పుడు చూద్దాం."

"అప్పుడంటే ఎప్పుడు పిన్నీ, మనకున్నది ఈ పూట."

"అందుకే నోరు కాస్త తగ్గించి ఆ దుప్పటి కొస పట్టుకో," అంది సూదమ్మ.

అక్క కూతురు పట్టుకుంది. కోపంగానే పట్టుకుందిగాని, బొమ్మల కర్రలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో చేయి పెట్టి మరీ పట్టుకుంది. చిన్నప్పటి నుంచి సెలవులన్నీ ఆ మిషను కింద కూర్చుని గడిపిన పిల్ల. దానికి తెలుసు.

వీధి చివర ఆసుపత్రి. దాని వెనక భాగంలో డయాలసిస్ హాలు. వాచీల ఆయనకు రెండేళ్ళ కింద మూత్రపిండాలు చెడ్డాయి. అప్పటినుంచి వారానికి మూడుసార్లు ఇక్కడికి వచ్చి, చేతికి గొట్టాలు తగిలించుకుని నాలుగేసి గంటలు పడుకుంటాడు. తోడు కూర్చోవడానికి ఆయనకు వేరే ఎవరూ లేరు. సూదమ్మ చేతిపని తెచ్చుకుని కూర్చునేది. మంచాలన్నీ ఒక వరసలో, ఒకే గోడకు ఎదురుగా ఉంటాయి. ఆ గోడ మీద ఏమీ లేదు. మనుషులు కదలకుండా నాలుగు గంటలు ఆ ఏమీలేనిదాన్ని చూస్తారు. "ఆ గోడ మీది పగుళ్ళన్నీ నాకు నోటికొచ్చు సూదమ్మా, పరీక్ష పెట్టుకో," అన్నాడొకరోజు వాచీల ఆయన. ఆ రోజే ఆమె మెడలోంచి టేపు తీసి, గచ్చు మీద మోకాళ్ళూని, గోడ ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచింది. పెద్దనర్సుతో బేరం తర్వాతి వారం కుదిరింది. హాలుకు తెరలన్నీ సూదమ్మ కొత్తగా కుట్టిపెట్టాలి, గోడ మొత్తం బొమ్మలకు ఇవ్వాలి. తెరలు అప్పుడే వేలాడుతున్నాయి. సూదమ్మ తన వంతు ముందే చెల్లించింది.

లోపలికి రాగానే తేడా తెలిసింది. గోడ దగ్గర ఎవరో కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. మేనేజరు.

"ఇదా వరస," అన్నాడు దుప్పట్ల వైపు చూసి. "అమ్మా, నాకు ఈ ఉదయమే తెలిసింది. మధ్యలో పోస్టరు రాబోతోంది. చేతులు శుభ్రంగా కడుక్కోండి అని, పెద్దది. దానికి అటూ ఇటూ మీవి ఓ నాలుగు పెట్టుకోండి, కాదనను."

"నాలుగు కాదండి, పంతొమ్మిది. మాట అన్నిటికీ ఇచ్చారు."

"ఎవరిచ్చారు?"

"నేనే," అంది పెద్దనర్సు. ఆమె మందుల బల్ల వెనక నుంచి కదల్లేదు, గొంతూ తగ్గించలేదు.

అక్క కూతురు పిన్ని చెవి దగ్గరికి వంగింది. "చెప్పానా?"

సూదమ్మ వినిపించుకోలేదు. ఆమె గోడవైపు వారగా తిరిగి చూస్తోంది. నడుమ, తల ఎత్తున, ముందెప్పుడూ లేనిది ఏదో నల్లగా ఉంది. దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమింది. పైన నాలుగు బోల్టు గుంతలు. వాటి కింద పెచ్చు ఊడి, ఇటుక బయటపడి, జానెడు వెడల్పున కిందికి దిగింది.

"టీవీ బిగించబోయారు," అన్నాడు వాచీల ఆయన తన మంచం మీంచి. చేయి కదపకుండా గడ్డంతో చూపించాడు. "గోడ ఒప్పుకోలేదు. ఊడి పడింది. నా మీద కాదు, అదృష్టవంతుణ్ణి."

"పోస్టరు ఎందుకండీ మీకు?" అని అడిగింది సూదమ్మ మేనేజరును.

"చెప్పాను కదా. చేతులు..."

"చేతులు కడుక్కోమని సింకు దగ్గర ఒకటి ఉంది. అక్కడైతే పనికొస్తుంది. గొట్టాలు పెట్టుకుని పడుకున్నవాళ్ళు లేచెళ్ళి చేతులెలా కడుక్కుంటారు?"

ఎవరో మంచం మీద నవ్వారు. మేనేజరు కాలరు సర్దుకున్నాడు. "చూడమ్మా, పైనుంచి తనిఖీకి వస్తున్నారు. ఆ గుంతలు కనపడకూడదు. మేస్త్రీని పిలిస్తే దుమ్ము లేస్తుంది, హాలు రెండు రోజులు మూయాలి. మూయడం కుదరదు."

"అంటే మీకు కావలసింది గుంత కప్పడం. పోస్టరు కాదు."

ఆయన గుంతల వైపు చూశాడు. "...అనుకోండి."

"అయితే అది నేను కప్పుతాను. గోడ నాకు వదిలేయండి. ఇటుక ఒక్క వేలు కనపడినా పోస్టరు మీ ఇష్టం, నేను నా మూట కట్టుకుని వెళ్తాను."

"సరే," అన్నాడు మేనేజరు. సులువుగా ఒప్పుకున్నాడు. కుదరదనుకున్నాడు కాబోలు.

అక్క కూతురు దుప్పటి విప్పింది. వాటిలో అన్నిటికంటే పొడుగైనది నీలం తలుపు బొమ్మ. సూదమ్మ మొట్టమొదటి బొమ్మ. ఎండ పడుతున్న పసుపు గోడ, అందులో సగం తెరిచిన నీలం తలుపు, లోపల చీకటి. అంతే. మొదటి ఊళ్ళో లాండ్రీలో పనిచేసే ముసలాయన చిరిగిన దుప్పటి మీద వేశాడు. కోటుకు లోపలిగుడ్డ కుట్టినందుకు ఇచ్చాడు. ఎన్ని ఊళ్ళు మారినా, ఎన్ని కొత్తవి వచ్చినా, దానివైపు తల తిరగడం ఒక్కరోజు కూడా మానలేదు. వాచీల ఆయన షట్టరు తీయగానే రోజూ ఒక మాట అనేవాడు: "ఏం సూదమ్మా, నీ ఇంటివాళ్ళు ఇంకా తలుపు వేసుకోలేదే?" ఆమె జవాబు కూడా రోజూ ఒకటే: "ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళు తలుపెందుకు వేస్తారు?"

అక్క కూతురు బల్ల ఎక్కి బొమ్మను గోడకు ఆనించి పట్టుకుంది. పై కర్ర బోల్టు గుంతలను కప్పింది. వెడల్పూ సరిపోయింది. కింద మాత్రం చాలలేదు. ఎర్రటి ఇటుక రెండు వేళ్ళ మేర నాలుక బయటపెట్టినట్టు కనిపించింది.

"కొంచెం కిందికి దించు," అంది పెద్దనర్సు. దించితే పైన గుంతలు బయటపడ్డాయి.

"పాపం," అన్నాడు మేనేజరు. నిజంగానే అన్నాడు. "పోస్టరే పెడదామమ్మా. మీవి నాలుగు ఎంచుకోండి."

సూదమ్మ బొమ్మ అంచును చేతిలోకి తీసుకుంది. వేళ్ళు ఒక చోట ఆగాయి. అంచు మందంగా ఉంది. రెండు పొరలు. ఈ అంచును తను మడిచింది. పెట్టెలో పొడుగు చాలక, రెండు వేళ్ళు లోపలికి మడిచి, నల్లదారంతో చేతికుట్టు వేసింది. కత్తిరించలేదు.

"కిందికి దించమ్మా దాన్ని," అంది అక్క కూతురితో. "బల్ల మీద పరుచు. ఈ బొమ్మకి ఇంకా గుడ్డ ఉంది."

"పిన్నీ, వద్దు. నలభై ఏళ్ళ మడత అది. విప్పితే రంగంతా పెచ్చులూడి వస్తుంది."

"వస్తే రానీ."

"ఇదంటే నీకు ప్రాణం కదా పిన్నీ."

"మిగతా పద్దెనిమిదింటికీ ఇది చోటు సంపాదించిపెట్టాలి. దీనికీ అదే చోటు. కత్తెర ఇయ్యి."

చిన్న కత్తెర మొన కుట్టు కింద దూర్చింది. కుట్టు ఆమెకు కనపడదు. ఎడమ చూపుడువేలు ముందు నడిచి ఒక్కొక్క కుట్టునూ తడిమి చెబుతుంటే, కత్తెర వెనక వచ్చింది. మూడు చోట్ల మాత్రమే తెంపి మిగతాది లాగింది. పెద్దనర్సు దీపం దగ్గరికి తెచ్చింది. మేనేజరు గడియారం చూసుకున్నాడుగాని వెళ్ళలేదు. దారం ఒక్క పోగుగా బయటికొచ్చింది. విప్పిన దారాన్ని పారేసే అలవాటు ఆమెకు లేదు. వేలికి చుట్టుకుంది.

తర్వాత మడత తెరిచింది. చిటపటమని సన్నటి చప్పుడు. మడత గీత వెంట రంగు బల్ల మీదికి పొడిగా రాలింది. అక్క కూతురు పెదవి కొరుక్కుంది. సూదమ్మ అరచేత్తో గుడ్డను తీరుగా, నెమ్మదిగా, ఆ కొస నుంచి ఈ కొసకు ఒత్తింది. ఆపైన అడ్డంగా ఒక తెల్లటి గీత, గోరంత వెడల్పు. అది ఇక పూడదు. ఆ నష్టం తనదే. మడిచిన చేయి తనదే.

బొమ్మను మళ్ళీ ఎత్తి పట్టుకున్నారు. ఇటుక పూర్తిగా మూసుకుపోయింది.

ముందు మాట్లాడింది వాచీల ఆయన.

"సూదమ్మా, అక్కడ చెప్పులున్నాయి."

"ఎక్కడ?"

"నీ ఇంటి గడప ముందు. ఒక జత. మగవాళ్ళవి."

సూదమ్మ మెడ వంచింది. ముందు కుడికొసతో, తర్వాత ఎడమకొసతో చూసింది. తెల్లగీత పైన నలభై ఏళ్ళ ఎండకు వెలిసిపోయిన పసుపు. గీత కింద నిన్న వేసినట్టున్న పసుపు, నీలపు రాతిగడప, దాని ముందు విడిచిన తోలుచెప్పుల జత. ఒకటి నేరుగా, ఒకటి కొంచెం పక్కకు. తొందరగా లోపలికి వెళ్ళినవాడు వదిలినట్టు.

"ఇన్నేళ్ళూ ఇల్లు ఖాళీ అని చెప్పావు నాకు," అన్నాడు వాచీల ఆయన. "లోపల మనిషున్నాడు."

ఆమె కంటికొసతో చెప్పులనే చూస్తోంది. లాండ్రీ ముసలాయన ఆ బొమ్మను ఇచ్చినప్పుడు చెప్పులు ఉన్నాయి. చూసింది. ఇప్పుడు గుర్తొచ్చింది. భర్త పనికి వెళ్ళినచోట జ్వరం వచ్చి, ఇంటికి రాకుండానే పోయాడు. అతని పాతచెప్పులు గుమ్మం ముందు నెలరోజులు అలాగే ఉన్నాయి. తర్వాత ఆమె గది ఖాళీ చేసింది, పెట్టె కొనుక్కుంది, బొమ్మ పొడుగు రెండు వేళ్ళు ఎక్కువైంది. పైన ఉన్నది వట్టి పసుపుగోడ. పైన మడిచినా సరిపోయేది. కుట్టుపని చేసే మనిషి ఎవరైనా పైనే మడుస్తుంది. ఆమె కింద మడిచింది.

"మేకు కొట్టించండి," అంది సూదమ్మ.

మేనేజరు బొమ్మ దగ్గరికి వెళ్ళి, కింద వేలు పెట్టి ఇటుక కోసం వెతికాడు. దొరకలేదు. "మిగతావి ఎన్నన్నారు?" అని అడిగాడు.

"అన్నీ," అంది పెద్దనర్సు.

సుత్తి చప్పుడు గంటకు పైగా వినిపించింది. ఏది ఎక్కడో సూదమ్మ కుర్చీలోంచే చెప్పింది. టేపు కూడా తీయలేదు. గొడుగులది కిటికీ పక్కన, కుర్చీది గుమ్మానికి ఎదురుగా, ఓడ వంటవాడిచ్చిన చేపల బుట్ట చివరి మంచం ఎదురుగా. ఆ చివరి మంచం మీద ఉన్న పెద్దావిడ చేపల్ని చూసి, ఆకలేస్తోందని నర్సును విసిగించడం మొదలుపెట్టింది. అక్క కూతురు ఆఖరి కర్ర సరిచేసి బల్ల దిగి, చేతులు దులుపుకుని, వెనక్కి నడిచి చూసింది. బొమ్మల షాపాయన కార్డు ఆమె జేబులో ఉంది. దాన్ని చించి మందుల బల్ల కింది బుట్టలో వేసింది. పిన్ని వారగా చూస్తోందని ఆమెకు తెలియదు.

వాచీల ఆయన యంత్రం ఇంకా తిరుగుతోంది. సూదమ్మ ఆయన మంచం పక్కన నిలబడింది.

"వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను. వీటిని ఒక కంట చూస్తుండండి."

"చూడక ఎక్కడికి పోతాను, వీళ్ళు కట్టేశారు కదా." గడ్డంతో నీలం తలుపు వైపు చూపించాడు. "నీ ఇంటివాళ్ళని రోజూ అడగాలా వద్దా?"

"అడగండి. ఇప్పుడు పలుకుతారేమో."

ఆమె గోడ పొడవునా ఒకసారి నడిచింది. చూడటానికి కాదు. కర్రల కొసలు వేలితో తాకుతూ, వరస తప్పలేదని తెలుసుకోవడానికి. నీలం తలుపు దగ్గర ఆగి, వేలికి ఇంకా చుట్టి ఉన్న దారాన్ని గమనించింది. సంచిలో వేసుకోబోయి, ఆగి, దాన్ని మేకుకు చుట్టింది.

నాలుగింటికి టాక్సీ వచ్చింది. రేకు పెట్టె ఖాళీగా వెనక సీటులో ఎక్కింది. సూదమ్మ ముందు సీటులో కూర్చుని కిటికీ అద్దం దించుకుంది. బండి మలుపు తిరిగింది.

సాయంత్రం మంచాలు ఖాళీ అయ్యాక పెద్దనర్సు తుడుపు గుడ్డతో గోడ వెంట వచ్చింది. నీలం తలుపు బొమ్మ పైన మేకుకు ఏదో వేలాడుతోంది. బూజనుకుని చేయి చాపి, చూసి, వదిలేసింది. మూరెడు నల్లదారం. పట్టి ఉంచాల్సింది ఇక ఏమీ లేకపోయినా, ఒక్కొక్క కుట్టు దగ్గరా పడిన వంపు అలాగే నిలిచి, ఆ దారం మేకు నుంచి అలలు అలలుగా కిందికి జారుతూ ఉంది.